ఓడిపోవడానికైనా ఒక మ్యాచ్ ఉండాలి

దీపావళి మర్నాడు ఆఫీసుకి వెళ్లడమంటే, పెళ్లయిపోయాక పందిట్లోకి వెళ్లినట్టు ఉంటుంది. 2024 నవంబర్ 1, శుక్రవారం. మా ఫ్లోర్ సగానికి పైగా ఖాళీ. వచ్చిన నలుగురం కూడా పనిచేస్తున్నట్టు నటిస్తున్నాం. నా పక్క సీటు కోల్‌కతా అబ్బాయి ఆ నటన కూడా మానేశాడు. కాఫీ కప్పుకి ఫోన్ ఆనించి ఫుట్‌బాల్ చూస్తున్నాడు.

"ఎక్కడ మ్యాచ్?" అన్నా.

"థింపూలో."

"భూటానా? ఆడుతున్నది ఎవరు?"

"ఈస్ట్ బెంగాల్. అవతల నెజ్మే. బీరూట్ క్లబ్."

బీరూట్ మీద బాంబులు పడుతున్న రోజులవి. అక్కడి నుంచి పదకొండు మంది భూటాన్ దాకా వచ్చి ఆడుతున్నారు. వందేళ్ల చరిత్ర ఉన్న ఈస్ట్ బెంగాల్ కూడా ఏ దోహాకో, టోక్యోకో కాకుండా థింపూకి వెళ్లి ఆడుతోంది. నాకు వింతగా అనిపించింది. ఇదేం టోర్నమెంట్ అని అడిగితే, ఏఎఫ్‌సీ ఛాలెంజ్ లీగ్ అన్నాడు. ఆసియా క్లబ్బుల్లో మూడో మెట్టు.

"మూడోదా!" అని నవ్వా. వాడు నవ్వలేదు.

"రెండో మెట్టు మీద ఆడాల్సింది. ఆగస్టులో కోల్‌కతాలోనే, మా జనం ముందే, తుర్క్‌మెనిస్థాన్ క్లబ్ చేతిలో 3-2తో ఓడిపోయాం. అందుకే ఇక్కడికొచ్చాం."

ఆ రోజు ఈస్ట్ బెంగాల్ అదే 3-2తో గెలిచింది. వాడు సీట్లోంచి లేచి, ఖాళీ ఫ్లోర్‌లో ఒక్కడే రెండు రౌండ్లు తిరిగొచ్చాడు. వాడి సంబరం బాగానే ఉంది. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ 'మూడో మెట్టు' అన్న మాట. ఇంటికెళ్లి దాని చరిత్ర వెతకడం మొదలుపెట్టా. ఆ మెట్టు కొత్తది కాదట. ఇంతకుముందు పదేళ్లు ఉంది, తర్వాత తీసేశారు, ఇప్పుడు మళ్లీ కట్టారు. పాత మెట్టు పేరు ఏఎఫ్‌సీ ప్రెసిడెంట్స్ కప్.

లాస్ట్ సెక్షన్

ఇంటర్ కార్పొరేట్ కాలేజీలో చదివినవాళ్లకి ఈ కథ చెప్పడం సులువు. వారం వారం పరీక్ష, మార్కుల్ని బట్టి సెక్షన్లు. పై సెక్షన్‌కి పేరున్న లెక్చరర్లు, మధ్య సెక్షన్‌కి మధ్యరకం వాళ్లు. అడుగు సెక్షన్‌కి ఆ రోజు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు.

ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య కూడా 2000 తర్వాత సరిగ్గా ఇలాగే సెక్షన్లు చేసింది. దేశాలని మూడు రకాలుగా విడగొట్టింది. ఆట బాగా ముదిరినవి, ఎదుగుతున్నవి, అప్పుడే మొలకెత్తుతున్నవి. జపాన్, కొరియా, సౌదీ, ఇరాన్ లాంటి దేశాల క్లబ్బులకి ఛాంపియన్స్ లీగ్. భారత్, మలేషియా, సింగపూర్, జోర్డాన్ లాంటివాటికి 2004 నుంచి ఏఎఫ్‌సీ కప్. మిగిలినవాళ్లకి 2005 నుంచి ప్రెసిడెంట్స్ కప్.

మొదటిసారి ఎనిమిది దేశాల ఛాంపియన్లు కాఠ్‌మాండూలో కలిశారు. నేపాల్, భూటాన్, పాకిస్థాన్, శ్రీలంక, కంబోడియా, తైవాన్, కిర్గిజ్‌స్థాన్, తజికిస్థాన్. తర్వాతి ఏళ్లలో బంగ్లాదేశ్, మయన్మార్, మంగోలియా, తుర్క్‌మెనిస్థాన్, పాలస్తీనా, ఉత్తర కొరియా క్లబ్బులు కూడా వచ్చి చేరాయి. ఇండియా ఎప్పుడూ ఇందులో లేదు. మనం మధ్య సెక్షన్ కదా! కిటికీలోంచి అడుగు సెక్షన్‌ని చూసి, హమ్మయ్య అనుకునే రకం.

నేనూ ఫస్టియర్‌లో ఒకసారి జారి లాస్ట్ సెక్షన్‌లో పడ్డా. విచిత్రంగా అక్కడి మొదటి వారం పరీక్షలోనే నాకు ఫస్ట్ ర్యాంకు వచ్చింది. అమ్మకి ఫోన్ చేసి ర్యాంకు మాత్రం చెప్పా, సెక్షన్ పేరు చెప్పలేదు. సిగ్గు ఉంది. దానితోపాటు ఇంకోటి కూడా ఉంది. ఆ ముందు ఆరు నెలల్లో బోర్డు దగ్గరకి పిలిచి లెక్క చేయమన్నవాళ్లు లేరు. ఇక్కడ రోజూ నన్నే పిలిచేవాళ్లు. చాక్‌పీస్ పట్టుకుంటే చెయ్యి వణకడం ఆగిపోయింది ఆ గదిలోనే.

ప్రెసిడెంట్స్ కప్ గురించి చదువుతుంటే నాకు ఆ గది గుర్తొచ్చింది. చిన్న దేశాల్ని విడిగా కూర్చోబెట్టడం అవమానమా, అవకాశమా? ఈ వారం మాట అదే.

కరెంటు వాళ్లు, పోలీసులు, బజారు వాళ్లు

ముందు ఇందులో ఆడిన క్లబ్బుల పేర్లు చూడండి. యూరప్ క్లబ్బుల పేర్లలో ఊళ్లు ఎక్కువ కనిపిస్తాయి. ఇక్కడ ఉద్యోగాలు కనిపిస్తాయి.

మొట్టమొదటి కప్పు గెలిచిన క్లబ్ రెగార్-తడాజ్. తజికిస్థాన్‌లో తుర్సున్‌జోదా అనే ఊరు. దాని పాత పేరు రెగార్. తడాజ్ అంటే ఆ ఊళ్లో ఉన్న అల్యూమినియం ఫ్యాక్టరీ పేరుకి పొట్టి రూపం. అంటే జట్టు పేరే ఊరు ప్లస్ ఫ్యాక్టరీ. మన దగ్గర ఏ స్టీల్ ప్లాంట్ టీమో ఆసియా కప్పు ఎత్తుకొచ్చినట్టు.

తైవాన్ నుంచి వచ్చిన తైపవర్ అక్కడి ప్రభుత్వ విద్యుత్ సంస్థ టీమ్. పాకిస్థాన్ నుంచి వచ్చిన వాప్డా ఆ దేశపు నీళ్లూ కరెంటూ చూసే సంస్థ టీమ్. మంగోలియా ఎర్చిమ్ వెనక ఉన్నది ఉలాన్‌బతార్‌లోని ఒక థర్మల్ పవర్ స్టేషన్. నేపాల్ నుంచి మహేంద్ర పోలీస్ క్లబ్. భూటాన్ నుంచి మొదటి ఏడాది ట్రాన్స్‌పోర్ట్ యునైటెడ్. 2014లో గెలిచిన తుర్క్‌మెనిస్థాన్ హెచ్‌టీటీయూ ఏకంగా ఒక యూనివర్సిటీ టీమ్.

2013 ఫైనల్‌కి వచ్చిన పాకిస్థాన్ జట్టు కేఆర్‌ఎల్. పూర్తి పేరు ఖాన్ రీసెర్చ్ లాబొరేటరీస్. అవును, అణు పరిశోధనకి పేరుపడ్డ ఆ ఖాన్ పేరు మీదున్నదే. యురేనియం శుద్ధి చేసే చోట ఒక ఫుట్‌బాల్ టీమ్ ఉందని, అది మలేషియా వెళ్లి తుర్క్‌మెనిస్థాన్ క్లబ్ బల్కాన్ చేతిలో 1-0తో ఫైనల్ ఓడిపోయిందని నాకు ఈ వయసు వచ్చేదాకా తెలియదు.

ఈ పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని పోయిన సంక్రాంతికి మా పెదనాన్నకి చూపించా. ఆయన సికింద్రాబాద్‌లో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఉద్యోగం వచ్చింది స్పోర్ట్స్ కోటాలో, ఫుట్‌బాల్ మీద. పొద్దున్నే గ్రౌండ్, పది దాటాక ఆఫీసు, రిజిస్టర్లు. కళ్లజోడు సర్దుకుని లిస్టంతా చదివారు.

"ఇవన్నీ మన డిపార్ట్‌మెంట్ టీములే కదరా!" అన్నారు.

ఆ మాటతో నాకు సగం విషయం అర్థమైంది. ఆటతో బతకలేని దేశాల్లో ఆటగాడికి అన్నం పెట్టేది డిపార్ట్‌మెంట్. కరెంటాఫీసో, పోలీసో, రైల్వేనో. మన దగ్గరా అంతే జరిగింది. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ తెచ్చింది. అదే రహీం సాబ్ కోచ్‌గా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారం తెచ్చింది. ఆ జట్టులో ఉన్న తులసీదాస్ బలరాం పుట్టింది సికింద్రాబాద్ అమ్ముగూడలో. ఈస్ట్ బెంగాల్‌కి ఆడి, ఆ తర్వాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే టీమ్‌కి వెళ్లాడు. ఇప్పుడు మనం ఎవరినైతే 'మొలకెత్తుతున్న దేశాలు' అంటున్నామో, వాళ్లు నడిచిన దారినే మనవాళ్లు అరవై ఏళ్ల కింద నడిచారు.

ఆరు ఫైనళ్లు ఆడిన బజారు

ప్రెసిడెంట్స్ కప్‌లో నాకు బాగా నచ్చిన క్లబ్ దోర్దోయ్. కిర్గిజ్‌స్థాన్ రాజధాని బిష్కెక్ శివార్లలో దోర్దోయ్ అని ఒక పెద్ద బజారు ఉంది. సరుకు ఓడల మీద వచ్చే ఇనప కంటెయినర్లని ఒకదాని మీద ఒకటి పెట్టి, కింద దుకాణం, పైన గోడౌన్. మధ్య ఆసియా మొత్తం అక్కడికొచ్చి చైనా బట్టలు, చెప్పులు కొనుక్కుపోతుంది. మన బేగంబజార్‌ని పదింతలు చేసి ఇనప పెట్టెల్లో పెట్టినట్టు ఊహించుకోండి. ఆ బజారు డబ్బుతో నడిచే క్లబ్బే దోర్దోయ్. అప్పట్లో పేరు దోర్దోయ్-డైనమో.

2005లో కాఠ్‌మాండూ ఫైనల్. రెగార్ చేతిలో 3-0తో ఓటమి. 2006లో మలేషియాలోని కుచింగ్‌లో మళ్లీ ఫైనల్. ఈసారి ఇంకో తజిక్ క్లబ్ వక్ష్ మీద 2-1తో గెలుపు. 2007లో లాహోర్‌లో మహేంద్ర పోలీస్ మీద 2-1తో మళ్లీ గెలుపు. 2008లో ఫైనల్ సొంత దేశంలో, బిష్కెక్‌లోనే. అవతల పాత శత్రువు రెగార్. మ్యాచ్ 1-1, పెనాల్టీల్లో ఓటమి. సొంత జనం ముందు! 2009లో ఈసారి రెగార్ గడ్డ మీద, తజికిస్థాన్‌లో, 2-0తో ఓటమి. 2010లో యాంగూన్‌లో మయన్మార్ క్లబ్ యదనార్‌బోన్ చేతిలో 1-0తో ఓటమి.

వరసగా ఆరేళ్లు, ఆరు ఫైనళ్లు. రెండు గెలుపులు, నాలుగు ఓటములు.

బిష్కెక్ కుర్రాడు ఒకడు పదేళ్ల వయసులో ఈ ఫైనళ్లు చూడ్డం మొదలుపెట్టాడనుకోండి. పదహారు వచ్చేసరికి వాడికి తన దేశపు క్లబ్ ఫైనల్ ఆడటం ఏటా వచ్చే పండగ లాంటిది. కాఠ్‌మాండూ, లాహోర్, యాంగూన్ అనే ఊళ్లు వాడికి మ్యాప్‌లో చుక్కలు కావు, మనం గెలిచిన చోటు, మనం ఓడిన చోటు. ఇదే దోర్దోయ్‌ని తీసుకెళ్లి ఛాంపియన్స్ లీగ్‌లో పడేస్తే? ఆరేళ్లూ మొదటి వారంలోనే ఏడేసి గోల్స్ తిని ఇంటికి. కుర్రాడు టీవీ ఆపేసి ఇంగ్లండ్ మ్యాచ్ పెట్టుకునేవాడు. నేను చిన్నప్పుడు పెట్టుకున్నట్టే.

2012 ఫైనల్ సంగతి ఇంకోటి. దుషన్‌బేలో తజిక్ క్లబ్ ఇస్తిక్లోల్ 2-1తో గెలిచింది. ఓడిన జట్టు పేరు మర్కజ్ షబాబ్ అల్-అమారి. అమారి యువజన కేంద్రం అని అర్థం. అమారి అనేది ఊరు కాదు, రమల్లా పక్కన ఉన్న శరణార్థి శిబిరం. 1948లో ఇళ్లు పోగొట్టుకున్న పాలస్తీనా వాళ్ల కోసం మరుసటి ఏడాది వేసిన శిబిరం. వెస్ట్ బ్యాంక్ జనం విదేశానికి వెళ్లాలంటే చెక్‌పోస్టులు దాటుకుంటూ రోడ్డు మీద జోర్డాన్ చేరి, అక్కడ విమానం ఎక్కాలి. అలాంటి చోటు నుంచి ఒక క్లబ్ వచ్చి ఆసియా స్థాయి ఫైనల్లో ఒక్క గోల్ తేడాతో ఓడింది. ఇంకే టోర్నమెంట్లోనూ వాళ్లకి ఆ సాయంత్రం దొరికేది కాదు.

తీసేసిన మెట్టు

2014 సెప్టెంబర్‌లో కొలంబోలో హెచ్‌టీటీయూ 2-1తో ఉత్తర కొరియా క్లబ్ రిమ్యోంగ్సు మీద గెలిచింది. అదే చివరి ప్రెసిడెంట్స్ కప్. పదేళ్లలో పది కప్పులు. తజికిస్థాన్‌కి నాలుగు, కిర్గిజ్‌స్థాన్‌కి రెండు, తుర్క్‌మెనిస్థాన్‌కి రెండు, మయన్మార్‌కి ఒకటి, తైవాన్‌కి ఒకటి.

2015 నుంచి ఈ దేశాల క్లబ్బులకి ఏఎఫ్‌సీ కప్ తలుపు తెరిచారు. కాకపోతే చాలామందికి తిన్నగా గదిలోకి కాదు, ముందు వాకిట్లో క్వాలిఫయింగ్ ఆడాలి. గెలిస్తే లోపలికి, ఓడితే ఇంటికి.

న్యాయంగా చెప్పాలంటే, దీనివల్ల మంచే జరిగిందని వాదించడానికి బలమైన సాక్ష్యం ఉంది. 2012లో ప్రెసిడెంట్స్ కప్ గెలిచిన ఇస్తిక్లోల్ 2015లోనే ఏఎఫ్‌సీ కప్ ఫైనల్‌కి వెళ్లింది. 2017లో మళ్లీ వెళ్లింది. రెండుసార్లూ ఒక్క గోల్ తేడాతో ఓడింది. 2021లో ఛాంపియన్స్ లీగ్‌లో సౌదీ దిగ్గజం అల్-హిలాల్‌ని 4-1తో కొట్టింది. ఆ ఏడాది చివరికి కప్పు గెలిచింది అదే అల్-హిలాల్! అయినా గ్రూపులో మాత్రం ఇస్తిక్లోలే పైన నిలిచింది. లాస్ట్ సెక్షన్ ఫస్ట్ ర్యాంకర్ తొమ్మిదేళ్లకి టాప్ సెక్షన్ ఫస్ట్ ర్యాంకర్‌ని దాటేసినట్టు.

"చూశారా, మెట్టు తీసేశాకే ఎక్కారు" అనొచ్చు. నేను ఇంకోలా చదువుతా. కింద గెలిచి, ఆ గెలిచిన ధైర్యం మీద పైకి వెళ్లారు. మెట్టు ఉన్న రోజుల్లోనే ఆ దారి తెరుచుకుని ఉంది కూడా. మయన్మార్ క్లబ్బులు 2010లో ఇక్కడ కప్పు కొట్టి 2012లో ఏఎఫ్‌సీ కప్‌లో కూర్చున్నాయి. తజిక్ క్లబ్బులు 2013లో వెళ్లాయి. సెక్షన్ మారే పరీక్ష సరిగ్గానే నడుస్తోంది.

మిగిలినవాళ్ల సంగతేంటి? పాకిస్థాన్‌నే చూడండి. 2013లో ఫైనల్ ఆడిన దేశం. కప్పు ఆగిపోయాక కరాచీ కరెంటు కంపెనీ టీమ్ కే-ఎలక్ట్రిక్ 2016 ఏఎఫ్‌సీ కప్ వాకిలి దాకా వెళ్లింది. ఆ తర్వాత ఇంట్లోనే గొడవలు. వాళ్ల సమాఖ్యని 2017లో, 2021లో, 2025లో మూడుసార్లు ఫిఫా సస్పెండ్ చేసింది. వాళ్ల దేశవాళీ ప్రీమియర్ లీగ్ 2018-19 సీజన్ తర్వాత సరిగ్గా నడవనే లేదు. దీనికంతటికీ ప్రెసిడెంట్స్ కప్ ఆగిపోవడమే కారణం అని నేను అనను. తప్పులు వాళ్లింట్లోనే ఉన్నాయి. కానీ ఏటా ఒక టోర్నమెంట్ ఉంటే, దానికి ఒక ఛాంపియన్‌ని పంపాలి. పంపాలంటే లీగ్ నడపాలి. బయట ఒక తేదీ రాసి ఉంటే లోపల పనులు కదులుతాయి. మా సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. రిలీజ్ డేట్ లేని ప్రాజెక్ట్ ఎప్పటికీ తొంభై శాతం దగ్గరే ఉంటుంది.

ఈ మాటే పెదనాన్న దగ్గర అన్నా. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నేనెప్పుడూ వినని సంగతి ఒకటి చెప్పారు.

"ఒక ఏడాది మేం వెళ్లే టోర్నమెంట్లు రెండూ ఆగిపోయాయిరా. ఒకదానికి డబ్బుల్లేవు, ఇంకోదానికి ఏదో కారణం చెప్పారు. తొమ్మిది నెలలు రోజూ పొద్దున అయిదింటికి లేచి ప్రాక్టీసు చేశాం. ఒక్క మ్యాచ్ లేదు. నాకప్పుడు ఇరవై తొమ్మిది. మరుసటి ఏడాది మ్యాచులు వచ్చాయి గానీ, నా మోకాలు ఉండిపోయింది."

కాగితం మడిచి నా చేతికిచ్చి, "గెలవకపోతే గెలవకపోయాం. ఓడిపోవడానికైనా ఒక మ్యాచ్ ఉండాలి కదరా" అన్నారు.

నాకిప్పుడు ఇరవై తొమ్మిది దగ్గరపడుతోంది. మా ఫీల్డ్‌లో ఆ వయసుకి సీనియర్ అనిపించుకోవడం మొదలవుతుంది. ఆయన ఫీల్డ్‌లో ఆ వయసుకి అయిపోతుంది. ఒక ఏడాది మ్యాచులు లేకపోవడం ఆఫీసర్లకి ఒక ఫైలు, ఆటగాడికి పది పన్నెండేళ్ల జీవితంలో ఒక ఏడాది.

కిటికీ అవతలి వాళ్లు

ఇక మన మధ్య సెక్షన్ సంగతి. ఏఎఫ్‌సీ కప్‌లో మనకీ మంచి రోజులున్నాయి. 2008లో డెంపో, 2013లో ఈస్ట్ బెంగాల్ సెమీస్ దాకా వెళ్లాయి. 2016లో బెంగళూరు ఎఫ్‌సీ ఫైనల్ ఆడి ఇరాక్ క్లబ్ చేతిలో 1-0తో ఓడింది. అప్పటికి మనకి అడుగు సెక్షన్ అంటే చులకనే.

2018లో అదే బెంగళూరుకి అవతల అల్తిన్ అసిర్ వచ్చింది. తుర్క్‌మెనిస్థాన్ క్లబ్. 'మొలకెత్తుతున్న' దేశం. బెంగళూరులో 3-2, అష్గబాత్‌లో 2-0. రెండు చోట్లా వాళ్లే గెలిచి, చివరికి ఆ ఏడాది ఫైనల్ కూడా ఆడారు. 2024 ఆగస్టులో కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్‌ని 3-2తో కొట్టింది కూడా అదే అల్తిన్ అసిర్. ఆ ఓటమితోనే ఈస్ట్ బెంగాల్ కొత్తగా మొదలైన ఛాలెంజ్ లీగ్‌లోకి, థింపూకి వచ్చింది. అంటే పాత లాస్ట్ సెక్షన్ వాళ్లే మనల్ని కొత్త లాస్ట్ సెక్షన్‌కి పంపారు.

అక్కడైనా గెలిచామా? గ్రూపులో పైన నిలిచాం. 2025 మార్చిలో క్వార్టర్ ఫైనల్స్‌లో ఇంకో తుర్క్‌మెన్ క్లబ్ అర్కదాగ్ ఎదురైంది. 2023లో పుట్టిన క్లబ్, వందేళ్లు దాటిన ఈస్ట్ బెంగాల్‌ని రెండు మ్యాచుల్లోనూ ఓడించింది. ఆ తర్వాత ఫ్నామ్ పెన్‌లో కంబోడియా క్లబ్ స్వాయ్ రియెంగ్‌ని ఫైనల్లో ఓడించి కప్పు కూడా పట్టుకెళ్లింది. ఫైనల్లో తుర్క్‌మెనిస్థాన్, కంబోడియా. ప్రెసిడెంట్స్ కప్ రోజులు తిరిగొచ్చినట్టే ఉంది, కాకపోతే ఈసారి మనం కిటికీ అవతల లేం. గదిలోనే ఉండి ఓడిపోయాం.

దీన్ని అవమానంగా తీసుకోవాల్సిన పనిలేదని నా అభిప్రాయం. మన స్థాయి ఏంటో మనకి సూటిగా చెప్పే గది అది. నాకు లాస్ట్ సెక్షన్ చేసిన మేలు అదే. పై సెక్షన్‌లో వెనక బెంచీలో కూర్చుని అన్నీ అర్థమవుతున్నట్టు తలూపేవాణ్ని. అక్కడ తలూపడం కుదరలేదు, లెక్క చేయాల్సి వచ్చింది.

అయితే ఒక షరతు. అడుగు సెక్షన్‌కి కూడా మంచి లెక్చరర్ రావాలి. అక్కణ్నుంచి పైకి దారి తెరిచి ఉండాలి. అది లేకపోతే ఆ గది స్టోర్ రూమ్. ప్రెసిడెంట్స్ కప్ మీద నాకున్న ఫిర్యాదు కూడా అదే. దానికి టీవీ లేదు, డబ్బు లేదు, గెలిచినవాడి పేరు పక్క దేశంలో కూడా తెలియదు. పేపర్లో రెండు లైన్లు కూడా రాని కప్పుకి ఆరేళ్లు వరసగా ఫైనల్ ఆడటం ఎంత కష్టమో దోర్దోయ్ వాళ్లనే అడగాలి. ఛాలెంజ్ లీగ్‌కైనా ఆ గతి పట్టకూడదు.

ఇక ఇంటి సంగతి. 2025లో మన ఐఎస్‌ఎల్ కాంట్రాక్టుల చిక్కుల్లో పడి నెలల తరబడి మొదలే కాలేదు. కొన్ని క్లబ్బులు ఆటగాళ్ల జీతాలు ఆపేశాయి. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి కప్పు తెచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ డబ్బు కష్టాల్లో పడి, చేతులు మారి, 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. ఊళ్లో శ్రీనిధి డెక్కన్ ఉంది, అది ఊరట. కానీ రహీం సాబ్ ఊరికి దేశంలో పై లీగ్‌లో జట్టు లేదు. తజికిస్థాన్ వాళ్లకి కప్పు తీసేసినా ఇంట్లో క్లబ్ మిగిలింది. మనకి ఆసియాలో మెట్లు ఉన్నాయి, ఎక్కడానికి ఇంటి నుంచి బయల్దేరేవాళ్లే లేరు.

మొన్న ఆదివారం పెదనాన్న ఫోన్ చేశారు. ఆయనకి ఈమధ్య నేను మ్యాచుల లింకులు పంపడం అలవాటు చేశా. థింపూ మ్యాచుల హైలైట్స్ అన్నీ చూశారట. ఈస్ట్ బెంగాల్ గురించి మాట్లాడతారనుకున్నా.

"ఆ భూటాన్ వాళ్లు, పారో అట. ఈస్ట్ బెంగాల్‌తో 2-2 ఆడార్రా! ఊరు చూస్తే ఇంతే ఉంది. భలే ఆడారు" అని మురిసిపోయారు. ఏడాది కింద అయిపోయిన మ్యాచ్ అది, ఆయనకి మాత్రం నిన్న జరిగినట్టే ఉంది.

ఫోన్ పెట్టేసే ముందు, "సర్లే గానీ, మన హైదరాబాద్ మ్యాచ్ ఎప్పుడు? గచ్చిబౌలిలోనేగా ఆడేది? ఈసారి నన్ను తీసుకెళ్లు, మోకాలు బాగానే ఉంది" అన్నారు.

క్లబ్ వెళ్లిపోయిన సంగతి ఆయనకి ఇంకా ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేకపోయా. "కనుక్కుని చెప్తా పెదనాన్నా" అని పెట్టేశా.